గౌరి చేతికి తగిన పిస్టల్

ఆదివారం వచ్చిందంటే మల్కాపురంలోని ఆ రెండు గదుల ఇంట్లో పొద్దున్నే పేచీ మొదలయ్యేది. కాంతం స్టవ్ మీద టీ పెట్టేలోపే ఆమె అన్న గంగరాజు సైకిలు గోడకి ఆనించి లోపలికి వచ్చేవాడు. ఆమె భర్త తవిటయ్య అప్పటికే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎవరు ముందు నోరు విప్పుతారా అన్నట్టు కుర్చీలో కూర్చుని ఉండేవాడు.

ఇద్దరిదీ ఒకటే పిచ్చి. తవిటయ్య సైన్యంలో చేసి వచ్చి, పోర్టులో సెక్యూరిటీ హవల్దారుగా కుదిరాడు. గంగరాజు ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మిషను మీద పని చేస్తాడు. ఊరి చివర కొండవారన ఉన్న రైఫిల్ క్లబ్బులో ఇద్దరూ సభ్యులు. వారమంతా ఉద్యోగం, ఆదివారం గురి. ఆ ఏడు, అంటే ఎనభై మూడులో, వాళ్ల పేచీకి కొత్త కారణం దొరికింది. తవిటయ్య ఒక్కగానొక్క కూతురు గౌరీశ్వరి.

గౌరి డిగ్రీ చదువుతోంది. కాలేజీ ఎన్‌సీసీలో రైఫిలు పట్టి, ఆ సరదా కొద్దీ తండ్రి వెంట క్లబ్బుకి వచ్చి పిస్టల్ నేర్చుకుంది. ఏడాది తిరక్కుండానే క్లబ్బులో ఆ పిల్లంత నిలకడగా గురి చూసేవాళ్లు లేరని అందరూ ఒప్పేసుకున్నారు. చలికాలంలో హైదరాబాదులో రాష్ట్రస్థాయి పోటీలున్నాయి. తూటాలు సులువుగా దొరకని రోజులవి. క్లబ్బుకి వచ్చే కోటాలో మనిషికి ఒక్క పోటీకి సరిపడా మాత్రమే ఇవ్వగలనని కోచ్ అబ్దుల్ రజాక్ ముందే చెప్పేశాడు. కాబట్టి గౌరి దేనితో పోటీకి దిగాలో తేల్చుకోవాలి. పాయింట్ టూ టూ పిస్టలా, పాయింట్ త్రీ టూ రివాల్వరా.

మొదటిది చిన్న తూటా. చప్పుడు తక్కువ, చేతికి తగిలే దెబ్బా తక్కువ. దానికి ఆడవాళ్ల పోటీ విడిగా ఉంది. రెండోది పెద్దది. పేలితే చెయ్యి భుజం దాకా అదురుతుంది. దానికి ఆడవాళ్ల పోటీ లేదు. వెయ్యదలిస్తే మగవాళ్లతో కలిసి వెయ్యాల్సిందే.

"అది మొగోల్లతో కలిసే ఏత్తాది బావా," అన్నాడు తవిటయ్య టీ గ్లాసు అందుకుంటూ. "పోర్టు కేంటీన్లో అందరికీ సెప్పేసినాను కూడాను."

"నువ్వు కేంటీన్లో సెప్పేత్తే అయిపోనాదేటి?" గంగరాజు పేపరు మడత విప్పాడు. "ఇదిగో సూడు. వచ్చే ఏడు ఒలంపిక్సులో మొదటిసారి ఆడోల్లకి పిస్టల్ పోటీ పెడతన్నారంట. అది పాయింట్ టూ టూతోనే. పిల్ల ముందుకెల్లే దారి అది."

"పాయింట్ టూ టూ అంటే పిట్టల్ని కొట్టుకునేది. రివాల్వరంటే పెద్దదే."

"మరి నువ్వు ఇన్నేల్ల నుంచీ ఆ పెద్దదే ఏత్తన్నావు కదా. ఏటి కొట్టినావు? కొండకి కన్నాలెట్టినావు."

"దాని సైటు సరిగ్గా నేదు బావా. ఎన్నిసార్లు సెప్పాలి నీకు?"

కాంతం లోపలి నుంచి ఉప్మా పళ్లాలు తెచ్చి ఇద్దరి ముందూ ఠక్కున పెట్టింది. "కన్నం సిన్నదైతే ఏటి, పెద్దదైతే ఏటి, సిరిగేది కాయితమే కదా. తిని కదలండి. బస్సు పోతే మల్లీ నామీద పడతారు."

గౌరి గుమ్మంలో నిలబడి నవ్వింది.

ఆ పేచీలో ఆమె కలగజేసుకోకపోవడానికి కారణం వేరే ఉంది. వేసవిలో ఒక ఆదివారం తండ్రి తన చేతిలోని రివాల్వరు ఆమెకిచ్చి, "ఓసారి ఏసి సూడమ్మా," అన్నాడు. చెవుల్లో దూది కుక్కుకుని గౌరి ట్రిగ్గరు నొక్కింది. చెయ్యి గాల్లోకి ఎగిరింది. గురి అట్ట తెచ్చి చూస్తే తూటా సరిగ్గా పది అంకె మధ్యలోంచి దూసుకుపోయింది. అది అదృష్టమో, చేతి పనితనమో గౌరికే తెలియదు. తవిటయ్య మాత్రం ఆ అట్టని వెలుగుకి ఎత్తిపట్టి, ఆ కన్నంలోంచి ఆకాశాన్ని చూసి, తర్వాత కూతురి వైపు చూశాడు. కూతుర్ని మెచ్చుకునే మాటలు తక్కువైన మనిషి. క్లాసులో మొదటి ర్యాంకు వచ్చినా "ఊఁ" అని ఊరుకునేవాడు. అలాంటివాడు ఆ రోజు తనకేసి చూసిన చూపు గౌరికి ఎంతో ఇష్టమైపోయింది. ఆ తర్వాత ఇంక చిన్న పిస్టల్ మాట తండ్రి దగ్గర ఎత్తలేదు. ప్రతి ఆదివారం ఆ పెద్దదే వేస్తూ వచ్చింది.

వీధి కుళాయికి పొద్దున కాసేపే నీళ్లొచ్చేవి. మంగళవారం నాడు గౌరి బకెట్లు మోస్తుంటే కాంతం కూతురికేసి అనుమానంగా చూసింది.

"ఏటే, ఎడంసెయ్యి వాటం ఎప్పుడొచ్చినాది నీకు?"

"ఊరికేనమ్మా," అంది గౌరి.

కాంతం అప్పటికి ఊరుకుంది. పెరట్లో దుప్పటి పిండేటప్పుడు ఒక కొస తను పట్టుకుని రెండోది కూతురికిచ్చి గట్టిగా మెలితిప్పింది. గౌరి ముఖం ముడుచుకుపోయింది. దుప్పటి చేతిలోంచి జారింది. కాంతం ఆ కుడిచెయ్యి పట్టుకుని వెలుగులోకి లాగింది. మణికట్టు దగ్గర, బొటనవేలి కింద, వాచి ఎర్రగా ఉంది.

"ఎన్నాల్నుంచి ఇది?"

"ఆ పెద్దది ఏత్తన్న కాడి నుంచి. వారం మద్దెలోకొచ్చేసరికి తగ్గిపోతాది. మల్లీ ఆదివారం వత్తాది." గౌరి నవ్వబోయింది, కుదరలేదు. "నాన్నకి సెప్పకమ్మా."

"ఏం, ఎందుకు సెప్పకూడదు?"

"మొన్న బస్టాపులో పోర్టు ఆఫీసు గుమాస్తా ఒకాయన నన్నాపి, మొగోల్లని ఓడించేది నువ్వేనా అమ్మా అన్నాడు. అందరికీ సెప్పుకున్నాడు నాన్న. ఇప్పుడు నాను వద్దంటే ఆల్ల ముందు ఏటని సెప్తాడు? ఇంట్లో నవ్వడం కూడా మానేత్తాడు."

కాంతం కూతుర్ని లోపలికి తీసుకెళ్లింది. ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి కూతురి మణికట్టుకి కాపడం పెట్టింది. పెడుతున్నంతసేపూ గొణుగుతూనే ఉంది, కూతుర్ని కాదు, ఎదురుగా లేని ఇద్దరు మగవాళ్లని.

శనివారం సాయంత్రం తవిటయ్య పకోడీల పొట్లంతో ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. గంగరాజు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. అతన్ని చూడగానే తవిటయ్యకి ఇంకా హుషారెక్కింది.

"రజాక్ భాయ్‌ని కలిసి వత్తన్నాను బావా. గౌరి పేరు పెద్దదానికే రాసుకోమన్నాను. ఇంక నీ ఒలంపిక్సు పేపరు మడతెట్టీ."

గంగరాజు ముఖం మాడిపోయింది. "నాతో ఒక మాటైనా అనకుండానా?"

"నీతో కాదన్నియ్యా," అంది కాంతం. పకోడీ పొట్లం తీసుకోకుండా నడుమ్మీద చెయ్యి పెట్టుకుని భర్తకేసి తిరిగింది. "పేరు ఎవుల్దో ఆల్లని అడిగినారా?"

"ఎవుల్ని?" తవిటయ్యకి అర్థం కాలేదు.

"ఎవుల్నేటి, దాన్ని. పెరట్లో గిన్నెలు తోముతున్నాది సూడండి, దాన్ని."

"అడిగేదేటుంది? దానికిష్టమే."

"మీకెవులు సెప్పినారు?"

"నాను తండ్రిని కాదేటి? నాకు తెల్దేటి?"

"నానూ అదే అంటన్నాను కాంతం," అని గంగరాజు గొంతు కలిపాడు. "పిల్లని అడక్కుండా..."

కాంతం గిర్రున అన్న వైపు తిరిగింది. "నువ్వు మాత్రం తక్కువేటి అన్నియ్యా? అది సిన్నది ఏత్తే నీ మాట నెగ్గుతాది. పెద్దది ఏత్తే ఈయన మాట నెగ్గుతాది. ప్రతి ఆదివారం నా ఉప్మా తింటా దాని గురించే కొట్టుకుంటారు. ఇన్నాల్లలో ఒక్కసారైనా, అమ్మా నీకేది బాగుంది అని ఎవులైనా అడిగినారా?"

తవిటయ్యకి కోపం కన్నా చిన్నతనం ఎక్కువ కలిగింది. తనేదో కూతురికి చెడు చేస్తున్నట్టు భార్య మాట్లాడటం అతనికి గుచ్చుకుంది. పెరటి వైపు తిరిగి పిలిచాడు.

"గౌరీ, ఇలాగ రామ్మా. నువ్వే సెప్పు. పెద్దదంటే నీకిష్టం నేదా?"

గౌరి తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తల్లి ముఖం చూసింది. తండ్రి ముఖం చూసింది. ఆయన కళ్లలో బతిమాలుతున్నట్టున్న ఆ భావం చూశాక ఆమెకి నిజం చెప్పడానికి మనసు రాలేదు.

"ఇష్టమే నాన్నా," అంది.

"సూసినావా మరి," అన్నాడు తవిటయ్య, అయినా గొంతులో ఇందాకటి హుషారు లేదు.

కాంతం కూతురి మణికట్టు గురించి చెప్పెయ్యబోయింది. గౌరి కళ్లతోనే వద్దంది. కాంతం ఆ మాట మింగేసి, పకోడీల పొట్లం అందుకుని ఇంకో మాట అంది.

"సరే. రేపు నానూ వత్తాను."

ముగ్గురూ ఆమెకేసి వింతగా చూశారు. ఆ చప్పుళ్లు తన గుండెకి పడవని, కాంతం ఏనాడూ క్లబ్బు గడప తొక్కలేదు.

మర్నాడు ఇడ్లీలు, అల్లం పచ్చడి కేరియర్‌లో సర్దుకుని కాంతం అందరికంటే ముందు బస్సెక్కింది. క్లబ్బు దగ్గర దిగగానే ఆమె నేరుగా అబ్దుల్ రజాక్ దగ్గరికి వెళ్లింది. ఆయనది ఊరి పాతబస్తీ. నేవీలో కుర్రాళ్లకి తుపాకీ నేర్పి రిటైరయ్యాడు. తెల్ల గడ్డం, నెమ్మదైన మాట.

"అన్నగారూ, పిల్ల మణికట్టు వాచిపోతన్నాది. ఆయనకి తెల్దు. అది సెప్పనివ్వదు," అంది కాంతం గొంతు తగ్గించి.

రజాక్ తలూపాడు. "నాకూ రెండు వారాలుగా అనుమానమే చెల్లెమ్మా. నోటితో చెప్తే తవిటయ్య నాతో వాదనకి దిగుతాడు. కంటికి చూపిద్దాం."

గౌరి గీత దగ్గర నిలబడింది. రజాక్ వెనక్కి తిరిగి రివాల్వరులో తూటాలు పెట్టి ఆమె చేతికిచ్చాడు. తూటాలు పట్టే గదుల్లో కొన్నింటిని ఆయన ఖాళీగా వదిలేశాడు. ఏవి ఖాళీయో గౌరికి తెలియదు. మొదటిసారి నొక్కితే ఢామ్మని పేలింది. కాంతం చెవులు మూసుకుంది. రెండోసారి నొక్కితే టిక్కుమంది. తూటా లేదు, పేలుడు లేదు. అయినా రివాల్వరు మూతి గబుక్కున కిందికి వంగింది.

గౌరి ముఖం ఎర్రబడింది.

"చూశావా తవిటయ్యా," అన్నాడు రజాక్. "పేలకముందే చెయ్యి దెబ్బకి కాచుకుంటోంది. మనసు గురి మీదున్నా చెయ్యి వినట్లేదు."

"అదేటమ్మా, అలగ బెదిరిపోతే ఎలా?" తవిటయ్య ముందుకొచ్చాడు. "ఇలా తే. ఎలా పట్టాలో నాను సూపిత్తాను."

రజాక్ మళ్లీ వెనక్కి తిరిగి తూటాలు పెట్టి ఇచ్చాడు. తవిటయ్య కాళ్లు ఎడం చేసి, ఛాతీ విరిచి, సైన్యంలో నేర్పిన పద్ధతిలో నిలబడి నొక్కాడు. టిక్కుమంది. రివాల్వరు మూతి నేలకి దణ్ణం పెట్టినంత కిందికి దిగింది.

గంగరాజు అదేపనిగా కొండకేసి చూస్తున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

"నవ్వకన్నియ్యా," అంది కాంతం. అంటూనే తను కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తవిటయ్య చేతిలో ఉన్నదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీని సైటు సరిగ్గా నేదని ఇన్నేల్లూ అందరితోనూ అన్నాను," అని తనూ నవ్వేశాడు. ఆ నవ్వుతోనే కూతురి వైపు తిరిగాడు. గౌరి నవ్వుతోంది కానీ ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఉంది.

అతని నవ్వు ఆగిపోయింది. రివాల్వరు రజాక్ చేతికిచ్చేసి కూతురి దగ్గరికి వచ్చాడు. "సెయ్యి సూపు," అన్నాడు. గౌరి సందేహించి చాపింది. అతను బొటనవేలితో మణికట్టు మీద మెల్లగా నొక్కాడు. ఆమె పళ్లు బిగబట్టింది.

"నాకెందుకు సెప్పలేదమ్మా?"

"మొదటి రోజు పది కొట్టినప్పుడు నాకేసి ఒక సూపు సూసినావు నాన్నా. మల్లీ అలాగ సూత్తావేటోనని..." గౌరి తన మణికట్టుకేసి చూసుకుంది. "ప్రతి ఆదివారం అదే అనుకుని ఏసినాను."

తవిటయ్య అక్కడున్న బెంచీ మీద కూలబడ్డాడు. కూతురి చేతిని రెండు చేతులతోనూ పట్టుకునే ఉన్నాడు. పిల్ల ఏం సాధించినా "ఊఁ" అని ఊరుకున్న రోజులన్నీ అతనికి గుర్తొచ్చాయి. ఆ ఒక్క చూపు కోసం ఇంత నొప్పి దాచుకుందంటే, అంతకు ముందు తను ఎంత తక్కువ ఇచ్చాడో అర్థమైంది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక భుజానికి ముఖం రాసుకున్నాడు.

"సరే గానీ, ఇప్పుడు అడుగుతున్నాను," అన్నాడు కాసేపటికి. "నా కోసం వద్దు, మీ మావయ్య కోసం వద్దు. నీకేది కావాలి?"

"సిన్నది."

గంగరాజు మీసం మీదికి చెయ్యి పోనిచ్చాడు. గౌరి అది చూసింది. "ఒలంపిక్సు కోసం కాదు మావయ్యా. పెద్దది పేలిత్తే అందరూ నాకేసి సూత్తారు. సిన్నది పేలిత్తే నాను గురికేసి సూత్తాను. నాకు అదే బాగుంటాది."

గంగరాజు మీసం మీంచి చెయ్యి తీసేశాడు.

"మరి పేరు రాసేసినారు కదా రజాక్ భాయ్," అన్నాడు తవిటయ్య కంగారుగా. "మార్చడానికవుతాదా?"

"నువ్వు చెప్పావు, నేను విన్నాను. అంతే," అన్నాడు రజాక్. "బేటీని అడక్కుండా నేనెలా పంపిస్తాను?"

అప్పటికి కాంతం కేరియర్ మూత తీసింది. కొండ నీడలో కూర్చుని అందరూ ఇడ్లీలు తిన్నారు. తినడం అయ్యాక రజాక్ ఆమె చేతికి ఖాళీ పిస్టల్ ఇచ్చి పట్టుకుని చూడమంటే, "ఇదేటన్నగారూ, పచ్చడి రోకలంత బరువు లేదు, దీనికా ఇంత గొడవ," అని తిరిగి ఇచ్చేసింది.

సోమవారం కేంటీన్లో తవిటయ్య తనంతట తనే చెప్పాడు. మా అమ్మాయి ఆడవాళ్ల పోటీలో, చిన్న పిస్టల్‌తో వేస్తుంది అని. అదేటి హవల్దారూ, మొగోళ్లని ఓడిస్తుందన్నావు కదా అని ఒకాయన వెక్కిరించాడు. "అన్నాను. తప్పన్నాను. ఏసేది నాను కాదు కదా," అని తవిటయ్య టీ తాగేసి లేచాడు. చెప్పేదాకా భయపడ్డాడు కానీ చెప్పాక చూస్తే అందులో పెద్ద కష్టమేమీ కనిపించలేదు.

వాపు తగ్గేదాకా రజాక్ గౌరిని తూటా ముట్టుకోనివ్వలేదు. తగ్గాక చిన్న పిస్టల్ పట్టిస్తే, దాని పిడి ఆమె అరచేతికి లావుగా ఉందని మొదట కనిపెట్టింది తవిటయ్యే. "బావా, పిల్ల సెయ్యి సిన్నది. దీనికి సరిపడా పిడి నువ్వు సెయ్యగలవేటి?" అని అడిగాడు. బావ తనని ఒక సాయం అడగడం గంగరాజు ఎప్పుడూ ఎరగడు. గౌరి చేత మైనం ముద్ద పిడికిట పట్టించి, ఆ అచ్చు చూసి, వర్క్‌షాపులో పని అయ్యాక కూర్చుని చెక్కాడు. ఇంట్లో పేచీ మాత్రం ఆగలేదు. టేకు మంచిదని గంగరాజు, చేతికి చెమట పడితే టేకు జారుతుందని తవిటయ్య. "అడగండి, దాన్ని అడగండి," అని కాంతం వంటింట్లోంచి కేకేసేది. ఇద్దరూ ఒకేసారి గౌరి వైపు తిరిగేవారు. గౌరి పట్టుకుని చూసి టేకే అంది.

పోటీలకి నలుగురూ గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్లారు. వరసలో నిలబడ్డ అమ్మాయిల్లో కొందరు సొంత పిస్టళ్లతో, ఖరీదైన పెట్టెలతో వచ్చారు. గౌరి క్లబ్బు పిస్టల్ తీసి, మావయ్య చెక్కిన పిడిని అరచేతిలో సర్దుకుంది. గంట కొట్టాక ఆమె ఎవరి వైపూ చూడలేదు. ప్రేక్షకుల్లో గంగరాజు బైనాక్యులర్స్ ఎవరినో అడిగి తెచ్చుకుని అట్టకేసి చూస్తూ, "తొమ్మిది... పది... మల్లీ పది బావా," అని గొణుగుతున్నాడు. కాంతం చెవుల్లో దూదితో కళ్లు మూసుకుని సింహాద్రప్పన్నని తలుచుకుంటోంది. తవిటయ్య అట్ట వైపు ఒక్కసారి కూడా చూడలేదు. పేలిన ప్రతిసారీ కూతురి మణికట్టు ఎలా ఉందో, అదే చూస్తూ కూర్చున్నాడు. అది చెక్కు చెదరలేదు.

అంతా అయ్యాక గౌరి చెమట తుడుచుకుంటూ బయటికొచ్చింది. బోర్డు దగ్గర జనం మూగారు. గంగరాజు మోచేతులతో దారి చేసుకుంటూ అటు పరుగెత్తాడు. తవిటయ్య ఎదురెళ్లి కూతురి కుడిచెయ్యి అందుకున్నాడు.

"నొప్పెడతన్నాదా?"

"లేదు నాన్నా. ఎన్ని కొట్టినానో అడగవేటి?"

"మీ మావయ్య సూసి వత్తాడు లే. బాగా ఏసినావమ్మా. నాకు సానా నచ్చినాది." ఆ మాట అనడానికి అతను కొంచెం తడబడ్డాడు కానీ అన్నాడు. "ముందు ఏల్లు ముడువు, సూత్తాను."

గౌరికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చిటికెన వేలు ముడిచి తెరిచింది. తర్వాత ఉంగరం వేలు. తవిటయ్య ఒక్కో వేలూ పట్టుకుని, జాగ్రత్తగా వంచి చూసి వదులుతున్నాడు.

గంగరాజు రొప్పుతూ వచ్చి పడ్డాడు. "బావా, రెండో ప్లేసు. రాష్ట్రంలోనే రెండో ప్లేసు. ఇనపడతన్నాదా నీకు?"

"ఇనపడతన్నాది," అన్నాడు తవిటయ్య తలెత్తకుండానే. "ఉండు బావా. ఇంకా బొటనేలు సూడాల."

కాంతం చెవుల్లోంచి దూది తీసేసి, ఆ తండ్రీకూతుళ్లకేసి చూస్తూ కొంగుతో కళ్లొత్తుకుంది.